హారర్ చివర్లో, ఫాంటసీ మధ్యలో

నవలలు బాగా చదివేవాళ్ల నోట రెండు ఫిర్యాదులు పదేపదే వినిపిస్తాయి. హారర్ నవలైతే, "సగం దాకా ఊపిరి బిగబట్టి చదివించాడు, చివరికొచ్చేసరికి తుస్సుమంది" అంటారు. ఫాంటసీ సీరీసైతే, "మొదటి పుస్తకం అదిరింది, నాలుగో దానిలో ఎక్కడో వదిలేశాను" అంటారు. రచయిత మారినా, కాలం మారినా ఈ రెండు మాటలు పెద్దగా మారవు. ఇన్ని రకాల పుస్తకాల మీద ఒకే మాట పడుతోందంటే, తప్పంతా ఫలానా రచయిత చేతకానితనమని సరిపెట్టుకోలేం. ఆ కథల కట్టుబడిలోనే ఏదో ఉంది.

దయ్యాలూ మంత్రాలూ లోకంలో లేని జీవులూ రెండింట్లోనూ ఉంటాయి కాబట్టి హారర్‌నీ ఫాంటసీనీ ఒకే అరలో సర్దేస్తుంటారు. కానీ పాఠకుడికి తెలియని సంగతిని ఏం చేయాలన్న దగ్గర రెండూ ఎదురెదురు దారులు పడతాయి. హారర్ తెలియనిదాన్ని దాచి బతుకుతుంది. ఫాంటసీ దాన్ని తెలియజెప్పి బతుకుతుంది. దాచినదాన్ని ఎప్పుడో ఒకప్పుడు చూపించాలి, చూపించగానే పట్టు జారిపోతుంది. చెప్పడం మొదలుపెట్టినదాన్ని చెప్పుకుంటూనే పోవాలి, పోనుపోను మోత పెరుగుతుంది. ఒకటి చివర్లో, ఇంకొకటి మధ్యలో తడబడటం అక్కడి నుంచే వచ్చింది.

ముందు హారర్ సంగతి. ఇంగ్లీషులో ఈ తరహా నవలకు హొరేస్ వాల్పోల్ రాసిన 'ద కాసిల్ ఆఫ్ ఒట్రాంటో'తో నాంది పడిందంటారు. 1764 చివర్లో, పాత ఇటాలియన్ పుస్తకానికి అనువాదమని చెప్పి దాన్ని అచ్చువేశాడు. కథ మొదలవుతూనే ఆకాశం నుంచి పడ్డట్టు ఒక రాక్షస శిరస్త్రాణం పెళ్లికొడుకు మీద పడి అతన్ని నుజ్జు చేస్తుంది. దాచిందేమీ లేదు, మొదటి పేజీల్లోనే అంతా కళ్లముందు పెట్టేశాడు. ఇవాళ చదివితే భయం బదులు నవ్వొస్తుంది. ముప్పై ఏళ్ల తర్వాత, 1794లో, ఆన్ రాడ్‌క్లిఫ్ 'ద మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో'లో సరిగ్గా దీనికి తలకిందులు పని చేసింది. కోటలో ఒక గది, గదిలో ఒక నల్లటి ముసుగు. నాయిక ఆ ముసుగు ఎత్తి చూస్తుంది, స్పృహ తప్పి పడిపోతుంది. ఏం చూసిందో రచయిత్రి చెప్పదు. వందల పేజీలు గడిచాక, నవల ముగింపు దగ్గర, తీరిగ్గా చెబుతుంది: అది మైనంతో చేసిన బొమ్మ అని.

ఇక్కడ పాఠకుడికి వచ్చే నీరసానికి కారణం మైనపు బొమ్మ కాదు. ఆ వందల పేజీల పాటు ముసుగు వెనక ఎవరి భయాన్ని వాళ్లు పెట్టుకుని చదువుతారు. ఒకరికి అది శవం, ఇంకొకరికి తమ ముఖమే. అందరికీ కలిపి రచయిత పెట్టే ఒక్క వస్తువు ఆ సొంత భయాల్లో దేనికీ సరితూగదు. నిజమైన శవాన్నే పెట్టినా తేడా కొంచెమే ఉండేది.

హారర్ నవలా రచయిత స్టీఫెన్ కింగ్ 1981లో వేసిన 'డాన్స్ మకాబ్ర' అనే పుస్తకంలో ఇదే సంగతి ఒక తలుపు ఉదాహరణతో వస్తుంది. మూసిన తలుపు వెనక ఏదో గీకుతోంది. తెరిస్తే పదడుగుల పురుగు. చూసినవాళ్లు కెవ్వుమంటారు, కానీ ఆ కేకలోనే కొంత ఊరట ఉంటుంది: పదడుగులే కదా, వందడుగులుంటుందేమో అనుకున్నాం అని. వందడుగుల పురుగుని చూపిస్తే వెయ్యి అనుకున్నామంటారు. చూపించినదానికి ఒక కొలత వచ్చేస్తుంది, కొలత ఉన్నదానికి మనసు సర్దుకుంటుంది. విచిత్రమేమిటంటే, ఇంత బాగా చెప్పిన కింగ్ తలుపు మూసే ఉంచాలన్న పక్షం కాదు. ఎప్పుడో ఒకప్పుడు దాన్ని భళ్లున తెరవాల్సిందేనన్నది ఆయన పట్టు. ఆయన నవలల ముగింపుల మీద పాఠకుల గొణుగుడు అంత ఎక్కువగా ఉండటానికి ఆ పట్టుదలే కారణమేమో.

తలుపు తెరవకుండా నవల నడిపిన వాళ్లలో షర్లీ జాక్సన్‌ది పెద్ద పేరు. 1959 నాటి 'ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్'లో దయ్యం ఒక్కసారి కూడా సూటిగా కనబడదు. రాత్రి చీకట్లో, పక్క గదిలోంచి ఏవో మాటలు వినబడుతుంటే, నాయిక ఎలనార్ పక్కనున్న స్నేహితురాలి చేయి గట్టిగా పట్టుకుంటుంది. వెలుగు వచ్చాక చూస్తే స్నేహితురాలు దూరంగా వేరే మంచం మీద ఉంటుంది. మరి ఇప్పటిదాకా పట్టుకున్నది ఎవరి చేయి? ఆ ప్రశ్న దగ్గరే సన్నివేశం ఆగిపోతుంది. జవాబు తర్వాతి అధ్యాయంలోనూ లేదు, ఎక్కడా లేదు. ఇల్లు చెడ్డదా, ఎలనార్ మనసు చెదిరిందా అన్నది పుస్తకం మూసిన తర్వాత కూడా తేలదు. త్స్వెతన్ తొదొరొవ్ అనే విమర్శకుడు 1970లో ఈ ఊగిసలాటకు ఒక సిద్ధాంతమే కట్టాడు. జరిగింది భ్రమ అని తేలితే కథ ఒక గూటికి చేరుతుంది, నిజంగానే అతీంద్రియమని తేలితే ఇంకో గూటికి చేరుతుంది, ఏదీ తేలనంతసేపే అది అసలైన అద్భుత కథ అన్నాడు. తాడా, పామా అని అడుగు ఆగిపోయే ఆ క్షణమే కథంతా అన్నమాట. దీపం తెస్తే తాడైనా పామైనా సరే, ఆ క్షణం పోయినట్టే.

అయితే ఎంతసేపని ఆపగలరు? నిడివి సమస్య అక్కడ వస్తుంది. ఒక రచనను ఒక్క పట్టున కూర్చుని చదివి ముగిస్తేనే దాని ప్రభావం చెదరకుండా ఉంటుందని ఎడ్గార్ అలెన్ పో 1846లోనే రాశాడు. ఆయన అక్కడ మాట్లాడింది ప్రధానంగా కవిత గురించి, కానీ భయానికి ఆ మాట ఇంకా బాగా సరిపోతుంది. భయం శరీరంతో పడే అవస్థ. గుండె గంటల తరబడి దడదడలాడలేదు. పుస్తకం పక్కన పెట్టి అన్నం తిని, ఆఫీసుకు వెళ్లొచ్చి మళ్లీ తెరిస్తే టెన్షన్ సగానికి పడిపోయి ఉంటుంది. ఈ జానర్‌లో ఆణిముత్యాలనదగ్గవి చాలావరకు చిన్న కథలూ నవలికలూ కావడం యాదృచ్ఛికం కాదు. హారర్ నవల అన్న మాటలోనే కొంత వైరుధ్యం ఉంది.

బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' 1897లో వచ్చింది. ఇరవై ఏడు అధ్యాయాల పుస్తకం. మొదటి నాలుగు అధ్యాయాలు కోటలో చిక్కుకున్న జొనాథన్ హార్కర్ డైరీ. మళ్లీ మళ్లీ చదువుకునేది ఎక్కువగా ఆ నాలుగే. ఆ తర్వాత నవలంతా డైరీలూ ఉత్తరాలూ టెలిగ్రాములూ ఫోనోగ్రాఫు రికార్డులతో నడుస్తుంది. అందరి మాటా వినబడుతుంది, డ్రాక్యులా రాసుకున్న డైరీ మాత్రం ఉండదు. మనిషి కనబడటం కూడా తక్కువే. ఇది స్టోకర్ తెలివి. కానీ వాన్ హెల్సింగ్ అనే ప్రొఫెసర్ వచ్చి ఆ జీవి ఏం చేయగలదో, ఏం చేయలేదో, దేనికి భయపడుతుందో పద్దు రాసినట్టు చెప్పేశాక కథ స్వభావమే మారిపోతుంది. అక్కడి నుంచి అది వేట. రైళ్ల వేళలు, ఓడ ఎక్కడికి చేరింది, డ్రాక్యులా దాక్కున్న పెట్టె ఏ దారిన వెళ్తోంది వంటి లెక్కలతో నడుస్తుంది. చివర్లో డ్రాక్యులా చావు నాలుగైదు వాక్యాల్లో ముగిసిపోతుంది. నియమాలు తెలిసిపోయిన భూతం ఇక శత్రువే, అంతకుమించి ఏమీ కాదు.

భయాన్ని దాటి ఇంకో ఇంధనంతో నడిచే నవలలకు ఈ చిక్కు లేదు. మేరీ షెల్లీ 'ఫ్రాంకెన్‌స్టైన్'లో (1818) ఆ వికృత జీవిని రచయిత్రి ముందే చూపించేస్తుంది. అంతటితో ఆగక, పుస్తకం నడుమ దానిచేతే తన కథ చెప్పిస్తుంది. మాట్లాడటం ఎలా నేర్చుకుందో, ఒక కుటుంబాన్ని చాటునుంచి ఎలా చూసిందో, వాళ్ల చేత ఎలా తరిమించుకుందో చెబుతుంటే భయం ఎప్పుడు పోయి జాలి వచ్చి కూర్చుందో తెలియదు. ముసుగు ఎత్తాక ఏం చేయాలన్న ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు ఆ తర్వాతి రెండు వందల ఏళ్లలో పెద్దగా రాలేదు.

ముసుగు ఎత్తాక ఏమీ తోచని రచయితలు సాధారణంగా నెత్తురు పోస్తారు. రాడ్‌క్లిఫ్ చనిపోయాక 1826లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆమె టెర్రర్, హారర్ అన్న రెండు మాటలను వేరు చేసింది. మొదటిది మనసును విప్పార్చి మేల్కొలుపుతుంది, రెండోది ముడుచుకుని గడ్డకట్టేలా చేస్తుందంది. కింగ్ కూడా మెట్లు కట్టాడు. ముందు టెర్రర్ కోసం ప్రయత్నిస్తాను, అది కుదరకపోతే హారర్, అదీ కుదరకపోతే కడుపులో తిప్పించడమే అని నిజాయితీగా ఒప్పుకున్నాడు. మన అలంకార శాస్త్రంలో ఈ విభజన ఎప్పుడో ఉంది. భయానికి భయానక రసం, జుగుప్సకు బీభత్స రసం అని నాట్యశాస్త్రం విడివిడిగా చెప్పింది. పేగులు బయటపడ్డ వర్ణన చదివి ముఖం తిప్పుకున్న పాఠకుడు భయపడ్డాడని రచయిత అనుకుంటే, రసం పేరు తప్పు రాసుకున్నట్టే.

ఇక ఫాంటసీ. నాట్యశాస్త్రమే విస్మయానికి అద్భుత రసమని ఇంకో గది కేటాయించింది. ఆ గదిలోకి పాఠకుణ్ని తీసుకెళ్లడం ఎంత కష్టమో జె.ఆర్.ఆర్. టోల్కీన్ 1939లో సెయింట్ ఆండ్రూస్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో వివరించాడు. పాఠకుడు తన అపనమ్మకాన్ని కావాలని పక్కన పెడతాడని అంతకు వందేళ్ల ముందే ఇంగ్లీషు కవి కోల్రిడ్జ్ అన్నాడు. టోల్కీన్‌కు ఆ మాట రుచించలేదు. పక్కన పెట్టాల్సిన అవసరం పడిందంటే కథ అప్పటికే ఓడిపోయిందని ఆయన వాదం. రచయిత ఒక రెండో లోకం కడితే, దాని నియమాల ప్రకారం అక్కడ జరిగేదంతా నిజమే కావాలి. దీనికి ఆయన ఇచ్చిన ఉదాహరణ ఆకుపచ్చ సూర్యుడు. ఆ రెండు పదాలు కలిపి అనడం ఎవరికైనా చేతనవుతుంది. ఆకుపచ్చ సూర్యుడు ఉండటం సహజమే అనిపించే లోకాన్ని కట్టడానికి మాత్రం శ్రమా ఆలోచనా కావాలి.

ఆ శ్రమే ఫాంటసీకి బలం, దాని మెడకు గుదిబండ కూడా. సూర్యుడు ఆకుపచ్చగా ఉంటే పంటలేమవుతాయి, పంటలు మారితే పన్నులు ఎలా వసూలవుతాయి, రాజుకు సైన్యం ఎక్కడిది? ఒకటి చెప్పగానే పది చెప్పాల్సి వస్తుంది. హారర్‌లో చోటు పోనుపోను ఇరుకవుతుంది. ఊరు, ఆ ఊళ్లో ఇల్లు, ఇంట్లో గది, గదిలో మంచం కింద. ఫాంటసీలో చోటు పెరుగుతుంది. ఊరు దాటితే అడవి, అడవి దాటితే రాజ్యం, దాని అవతల సముద్రం. పుస్తకం మొదట్లోని మ్యాపులో పేరున్న ప్రతి చోటికీ ఎవరో ఒకరు వెళ్లక తప్పదన్నది పాఠకులు వేసుకునే జోకు. డయానా విన్ జోన్స్ 1996లో ఇలాంటి లోకాలకు ఒక వెటకారపు టూరిస్టు గైడే రాసింది. అక్కడి గుర్రాలు రోజంతా ఆగకుండా పరుగెత్తుతాయి కాబట్టి అవి బహుశా మొక్కల్లా పరాగ సంపర్కంతో పుడతాయేమోనని అందులో ఒక అనుమానం. నవ్వులాట కోసం రాసినా తగలాల్సిన చోటే తగిలింది. కొత్త లోకం కడతామంటూ పాత నవలల సామానే మళ్లీ సర్దేవాళ్ల మీద అది గురి.

ఈ జానర్‌కి మూడు భాగాల అలవాటు ఎలా వచ్చిందో చెబితే నవ్వొస్తుంది. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్' టోల్కీన్ లెక్కలో ఒకే నవల. యుద్ధం తర్వాతి రోజుల్లో కాగితం ఖరీదు, అంత లావు పుస్తకం అమ్ముడుపోదేమోనన్న ప్రచురణకర్త భయం కలిసి దాన్ని మూడు సంపుటాలు చేశాయి. 1954 జూలై నుంచి 1955 అక్టోబర్ వరకు విడివిడిగా వచ్చాయి. ఖర్చు లెక్కల వల్ల పడిన ఆ కోతను తర్వాతివాళ్లు కథాశిల్పమనుకుని పాటించారు. ఆ పైన మూడు కూడా చాలలేదు.

రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్' 1990లో మొదలైంది. 2007లో ఆయన చనిపోయాడు. ఆయన వదిలిన రాతప్రతులూ నోట్సూ ఆధారంగా బ్రాండన్ శాండర్సన్ పూర్తి చేసి, పద్నాలుగో భాగాన్ని 2013లో తెచ్చాడు. దాని నడుమ భాగాలకు అభిమానులే ఒక పేరు పెట్టుకున్నారు, 'స్లాగ్' అని. బురదలో కాళ్లీడ్చుకుంటూ నడవడం లాంటిదని. 2003లో వచ్చిన పదో భాగం మీద ఎక్కువ కోపం పడింది. తొమ్మిదో భాగం చివర ఒక పెద్ద సంఘటన జరుగుతుంది. పదో భాగంలో చాలామేర ఎక్కడెక్కడో ఉన్న పాత్రలు ఆ సమయంలో ఏం చేస్తున్నారో చెప్పడంతోనే సరిపోతుంది. లావుపాటి పుస్తకం ముగిసినా కథ మాత్రం దాదాపు అక్కడే ఉంటుంది.

జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' సీరీస్ ఇంకా స్పష్టమైన ఉదాహరణ. మొదట మూడు పుస్తకాలనుకున్న కథ. 1996, 1998, 2000లలో మూడూ వచ్చేశాయి, కథ మాత్రం అవ్వలేదు. నాలుగోది ఎంత పెరిగిందంటే, దాన్ని రెండు ముక్కలు చేయాల్సి వచ్చింది. కాలాన్ని బట్టి కాకుండా పాత్రలను బట్టి కోశాడు. సగం మంది కథ 2005లోని పుస్తకంలో, మిగతా సగం మంది కథ 2011లో. పాఠకులు తమకు ఇష్టమైన పాత్రను మళ్లీ కలుసుకోవడానికి పదకొండేళ్లు ఆగారు. ఇందులో బద్ధకం కన్నా లెక్క ఎక్కువ. పాత్రలను నాలుగు దిక్కులకూ పంపితే ప్రతి ఒక్కరి ప్రయాణాన్నీ వేళకు అటూ ఇటూ సరిపెట్టాలి. ఎవరు ముందు చేరాలి, ఎవరికి ఏ కబురు ఎప్పుడు అందాలి అన్న చిక్కుముడి విప్పడంలోనే పేజీలు కరిగిపోతాయి.

ముగింపు దగ్గర మాత్రం ఫాంటసీకి సుఖం. అప్పటికి లోకం కట్టడం అయిపోయి ఉంటుంది, కొత్తగా చెప్పాల్సింది ఉండదు. పెట్టిన బాకీలు తీర్చడమే పని. అందుకే మధ్యలో విసుగెత్తినా పట్టుబట్టి చదివినవాళ్లు ఆఖరి భాగాన్ని మెచ్చుకుంటారు. అసలు ఆ మధ్య భాగమే ఇష్టపడే పాఠకులూ తక్కువేం కాదు. వాళ్లు కథ కోసం రారు, ఆ లోకంలో కాపురం ఉండటానికి వస్తారు. వాళ్లకు బోర్ కొట్టేది యుద్ధాలు. మళ్లీ చదవడంలో తేడా కూడా ఇందుకే. ఫాంటసీని పదిసార్లు చదివేవాళ్లు దొరుకుతారు. ముసుగు ఎత్తేసిన హారర్‌ను రెండోసారి చదివేవాళ్లు అరుదు, హిల్ హౌస్ లాంటివాటినే మళ్లీ తెరుస్తారు.

అన్నీ చెప్పాలంటే లావుపాటి పుస్తకాలే రాయనక్కర్లేదు. ఏం చెప్పాలో ఎంచుకోవడం తెలిస్తే చాలు. శాండర్సన్ 2007లో ఒక సూత్రం పెట్టాడు: మ్యాజిక్ ఎలా పనిచేస్తుందో పాఠకుడికి ఎంత బాగా అర్థమైతే, దానితో సమస్యలను అంత బాగా పరిష్కరించవచ్చు. తిరగేస్తే, అర్థం కాని మ్యాజిక్ వాతావరణానికి పనికొస్తుంది కానీ, పీకల మీదికి వచ్చినప్పుడు దాన్ని బయటికి తీస్తే పాఠకుడికి మోసపోయినట్టుంటుంది. 'ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లోని మాంత్రికుడు గాండాల్ఫ్‌కి ఏయే శక్తులున్నాయో టోల్కీన్ ఎక్కడా జాబితా ఇవ్వడు. ఆ కథకు మూలమైన ఉంగరాన్ని మోసే పని మాత్రం ఆ శక్తులతో తీరేది కాదు, కాళ్లతో నడిచి వెళ్లాల్సిందే. కాబట్టి లెక్క తప్పలేదు.

ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ' ఇంకా పొదుపు. రెండు వందల పేజీలకు అటూ ఇటూ ఉండే పుస్తకం. ప్రతి వస్తువుకూ ఒక అసలు పేరుంటుంది, ఆ పేరు తెలిసినవాడికి దాని మీద అధికారం వస్తుంది. నియమం ఇంతే. నాయకుడు గెడ్ పొగరుతో చేసిన ఒక తప్పు వల్ల పేరులేని ఒక నీడ లోకంలోకి వస్తుంది, అతన్ని ఊరూరా తరుముతుంది. పేరు లేనంతకాలం ఆ పుస్తకం నిఖార్సైన హారర్. తలుపు సందుల్లోంచి, సముద్రం మీది పొగమంచులోంచి అది వచ్చే తీరు చదివితే ఒళ్లు జలదరిస్తుంది. సగం దాటాక గెడ్ పారిపోవడం మాని దాన్ని వెంటాడటం మొదలుపెడతాడు. ఆఖరికి దాన్ని ఎదుర్కొని తన పేరుతోనే పిలుస్తాడు, అదే క్షణంలో అదీ అతన్ని అదే పేరుతో పిలుస్తుంది. ఒకే ఒక్క మాటతో కథ హారర్ గట్టు దిగి ఫాంటసీ గట్టు ఎక్కుతుంది. తలుపు తెరిచినా నిరాశ కలగని కొద్ది ముగింపుల్లో ఇదొకటి. లోపల ఉన్నది ఎన్నడుగులు ఉందన్న కొలతతో ఇక్కడ పనిలేదు, ఎవరన్నదే సంగతి.

హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ దీనికి ఎదురు దారిలో నడిచాడు. మనిషికున్న అతి పాత భయం తెలియనిదాని మీది భయమేనని 1927 నాటి వ్యాసంలో రాసిన మనిషి, 1936లో అచ్చయిన 'ఎట్ ద మౌంటెన్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్'లో తెలియనిదాన్ని పేజీలకు పేజీలు వివరిస్తాడు. అంటార్కిటికా మంచు కింద దొరికిన పురాతన జీవులు ఎక్కడి నుంచి వచ్చాయో, ఏ నగరాలు కట్టాయో, ఎలా నశించాయో గోడల మీది శిల్పాల ద్వారా చరిత్ర పాఠంలా సాగుతుంది. హారర్ పాఠకులు కొందరు ఇక్కడే విసుక్కుంటారు. వాళ్లన్నట్టే ఆ జీవుల మీద భయం పోతుంది. కథకుడే చివరికి వాటిని మనలాంటి మనుషులే అనేదాకా వస్తాడు. కానీ ఒక భయాన్ని ఇలా ఖర్చు పెట్టేటప్పుడు లవ్‌క్రాఫ్ట్ ఇంకోదాన్ని పక్కన దాచి ఉంచాడు. విమానంలో తప్పించుకుపోతూ డాన్‌ఫర్త్ అనే కుర్రవాడు ఒక్కసారి వెనక్కి, ఆ కొండల అవతలికి చూసి కేక పెడతాడు. ఏం చూశాడో పక్కనున్న కథకుడికి కూడా ఎప్పటికీ సరిగ్గా చెప్పడు. అప్పుడప్పుడు పొంతన లేని నాలుగు ముక్కలు మాత్రం గొణుగుతుంటాడు.